ఎదుట కూర్చున్నదెవరు?

ప్రశ్న: పురుగుమందుల కంపెనీలో ఏరియా మేనేజర్‌ని. మిర్చి రైతులతో తరచూ మీటింగులు పెడుతుంటాను. స్లైడ్లు బాగుంటాయి, గొంతూ బాగుంటుందంటారు. అయినా పది నిమిషాలకే జనం లేచిపోతున్నారు. వాయిస్ ట్రైనింగ్ తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వద్దు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి, అన్నిట్లోనూ ఒకటే లోపం. స్లైడ్ల గురించి రాశారు, గొంతు గురించి రాశారు. ఎదుట కూర్చున్న రైతు గురించి ఒక్క మాట లేదు. ఆయనది సొంత పొలమా, కౌలా? తేజ వేశాడా, ఇంకో రకమా? మందులు రొక్కానికి కొంటాడా, అరువు తెస్తాడా? అప్పు చేసి కౌలు కట్టినవాడికి కొత్త మందు కోసం ఎకరం తోటను పణం పెట్టే ధైర్యం ఎక్కడిది? అది తెలుసుకోకుండా ‘ఒకసారి వాడి చూడండి’ అంటే ఆయన లేచి వెళ్ళడంలో తప్పేమీ లేదు.

2021-22 సీజన్ తలుచుకోండి. నల్ల తామర పురుగు పూలలో చేరి పూతంతా రాల్చేసింది. మందు మీద మందు కొట్టినా లొంగలేదు. చాలామంది తోటలు పీకేశారు. ఆ మందుల బాకీ మోసినవాళ్ళే ఇవాళ మీ ముందు కూర్చుంటున్నారు. మొదటి స్లైడ్‌లో మందు డబ్బా కనబడగానే వాళ్ళకు ఆ బాకీయే గుర్తొస్తుంది. కాబట్టి ఆ ఏడాది సంగతితోనే మొదలుపెట్టండి. విచ్చలవిడిగా పిచికారీ చేయొద్దని, నీలం రంగు జిగురు అట్టలు పెట్టుకోమని శాస్త్రవేత్తలు చెప్పిన మాట మీ నోటితో చెప్పండి. అమ్మకాలు తగ్గుతాయని భయపడకండి. నిజం చెప్పిన మనిషిని రైతు మళ్ళీ పిలుస్తాడు.

మీటింగుకు వారం ముందే ఆ ఊళ్ళో నలుగురు రైతుల్ని కలవండి. డీలర్‌ని అడిగి సరిపెట్టుకోకండి, ఆయన తనకు కావలసిందే చెబుతాడు. కిందటేడు ఎన్నిసార్లు మందు కొట్టారు, ఎంత ఖర్చయింది, కంపెనీవాళ్ళు చెప్పి చేయనిదేమిటి అని అడిగి రాసుకోండి. తీరిక ఎప్పుడో కూడా కనుక్కోండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోతలు, కల్లాలు, యార్డుకు టిక్కీలు తోలడం. అప్పుడు మీటింగు పెడితే ఎవరొస్తారు? నారు పోసే ముందు, అదీ పొద్దుగూకాక పెట్టండి. అరిస్టాటిల్ తన ‘రెటారిక్’ రెండో భాగంలో వినేవాళ్ళ కోపం, భయం, వయసు గురించి విస్తారంగా రాశాడు. వక్త గొంతు సంగతి ఎత్తుకున్నది ఆ తర్వాతే. మీరూ ఆ వరసలోనే వెళ్ళండి.

ప్రశ్న: మైకు ముందు నిలబడితే చేతులు వణుకుతాయి. ఏం చేయాలి?
– ఒక సేల్స్ ఉద్యోగి, వరంగల్

జవాబు: కాగితం చేత్తో పట్టుకోకుండా బల్ల మీద పెట్టండి, మొదటి మూడు వాక్యాలు కంఠతా పట్టండి.

ప్రశ్న: పచ్చళ్ళ యూనిట్ నడుపుతున్నాను. ముద్ర పథకంలో తీసుకున్న తరుణ్ రుణం తీర్చేశాను. ఈసారి 20 లక్షలకు బ్యాంకువాళ్ళ ముందు మాట్లాడాలి. ఇంగ్లీషు సరిగా రాదు, భయంగా ఉంది.
– ఒక సోదరి, రాజమండ్రి

జవాబు: తెలుగులోనే చెప్పండమ్మా. తరుణ్ రుణం తీర్చినవాళ్ళకే తరుణ్ ప్లస్ కింద 20 లక్షల దాకా ఇస్తారు. అందుకని పాత రుణం వాయిదా తప్పకుండా ఎలా కట్టారో ముందు చెప్పండి. మీ ఆవకాయ ఎంత రుచో మేనేజర్‌కు తర్వాతి సంగతి. కాయలు, నూనె, కారం అన్నీ వేసవిలోనే కొనాలి, డబ్బు మాత్రం ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా తిరిగొస్తుంది. అమ్మకాలు తగ్గిన నెలల్లో వాయిదా ఎలా కడతారన్నదే ఆయన సందేహం. నెలవారీ అమ్మకాల లెక్క ఒక్క కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి. అంతకంటే ముందు ఫీల్డ్ ఆఫీసర్‌ని కలిసి, ఇలాంటి దరఖాస్తులు ఎక్కడ ఆగిపోతున్నాయో అడగండి. అడగడానికి మొహమాటపడకండి.