హెడ్‌ఫోను ఎంపిక: వెనుక తెరచినదా, మూసినదా?

విజయవాడలోని బెంజ్ సర్కిల్ వద్ద రెండు జాతీయ రహదారులు ఒకదానినొకటి దాటుచున్నవి. ఒకటి చెన్నై నుండి కలకత్తా వైపు పోవు 16వ నంబరు రహదారి. రెండవది పూణే నుండి హైదరాబాదు మీదుగా మచిలీపట్నము చేరు 65వ నంబరు రహదారి. నగరములో దానిని మనవారు నేటికిని బందరు రోడ్డు అనియే అందురు. పైవంతెనలు వచ్చిన తరువాత కూడ క్రింది కూడలిలో హారనుల మ్రోత తగ్గినదని చెప్పుట కష్టము. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము వాణిజ్య ప్రాంతములలో పగటిపూట శబ్దము 65 డెసిబెల్లకు మించరాదు. ఆ కూడలిలో పది నిమిషములు నిలిచిన వారికి ఈ అంకెను గూర్చి మేము వేరుగా చెప్పవలసిన పని లేదు.

ఈ మ్రోత నడుమనే మన విద్యార్థులు కళాశాలకు వచ్చుచున్నారు, సెలవులకు హైదరాబాదు బస్సు ఎక్కుచున్నారు. దారిలో పాఠము వినుటకు హెడ్‌ఫోను. రాత్రివేళ గదిలో కంప్యూటరు ఆటకును అదే హెడ్‌ఫోను. “ఒక్కటి మాత్రమే కొనగలము, ప్రయాణమునకును ఆటకును పనికివచ్చునది ఏది?” అని అడుగువారు పెక్కురు. దుకాణములలో ఈ ప్రశ్నకు స్వరమాధుర్యమును బట్టి సమాధానము చెప్పుదురు. మా అభిప్రాయములో మొదట అడుగవలసినది అది కాదు. దానిని ధరించి కూర్చుండు చోట ఎంత రొద ఉండును అనునదే మొదటి ప్రశ్న. ఏలయన, ఇక్కడ ఎంపిక తప్పినచో పోవునది ధనము మాత్రమే కాదు, వినికిడి కూడ.

నిర్మాణముతో ప్రారంభింతము. ప్రతి హెడ్‌ఫోనులోను ఒక పలుచని పొర కంపించి ధ్వనిని పుట్టించును. ఆ పొర ముందునకు కదలినపుడు చెవి వైపు గాలి నొక్కబడును. అదే క్షణమున దాని వెనుక గాలి పలుచబడును. అనగా ముందువైపున వలెనే వెనుకవైపున కూడ ధ్వని పుట్టుచున్నది. ఆ వెనుకటి ధ్వనిని ఏమి చేయవలెను అనుదానిపైననే రెండు జాతుల భేదము ఆధారపడి యున్నది. జల్లెడ వంటి తొడుగు గుండా దానిని బయటకు విడిచిపెట్టినచో అది వెనుక తెరచిన హెడ్‌ఫోను, అనగా ఓపెన్ బ్యాక్. జర్మనీలోని సెన్‌హైజర్ సంస్థ 1968లో హెచ్.డి. 414 అను పేరుతో ఇట్టి దానిని తొలిసారిగా అమ్మకమునకు తెచ్చెను. గిన్నె వంటి తొడుగుతో దానిని లోపలనే బంధించినచో అది మూసిన హెడ్‌ఫోను.

ఖాళీ బిందెలో నోరు పెట్టి మాటలాడినచో కంఠస్వరము మారి వినబడును గదా. మూసిన గిన్నెలో కూడ ఆ విధమైన అనునాదము కొంత పుట్టును. తయారీదారులు దూదివంటి పదార్థములతో దానిని అణచవలసి యుండును. తెరచిన దానిలో ఈ బాధ తక్కువ. అందుచేత వీణయైనను, షెహనాయియైనను తలలోపల కాక తల చుట్టును మ్రోగుచున్నట్లు తోచును. కాని లోపలి పాట బయటకు పోవు దారినే బయటి రొద లోపలికి వచ్చును. బెంజ్ సర్కిల్ వద్ద వెనుక తెరచిన హెడ్‌ఫోను ధరించుటయు, కిటికీలు తెరచి చలిగది యంత్రమును నడుపుటయు ఒకే విధమైన పని.

ఇక రొదను అణచు విద్య. ఒక శబ్దతరంగమునకు సరిగా ఎదురైన తరంగమును కలిపినచో రెండును పరస్పరము రద్దగునని భౌతికశాస్త్రములో వ్యతికరణ పాఠమున చదివియున్నాము. దీనిని యంత్రముగా మార్చవచ్చునని పాల్ లూయెగ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఊహించి 1936లో అమెరికా పేటెంటు పొందెను. నాటి విద్యుత్పరికరములు ఆ ఊహకు చాలలేదు. 1978లో జూరిచ్ నుండి బోస్టన్‌కు విమానములో పోవుచు, ఇచ్చిన హెడ్‌ఫోనులో ఇంజను రొద తప్ప పాట వినబడక, ఆ విమానములోనే లెక్కలు వేయ నారంభించిన వారు అమర్ బోస్. వారి తండ్రి బెంగాలు నుండి అమెరికా చేరిన స్వాతంత్ర్య యోధుడు. 1989లో వైమానికులకును, 2000లో సామాన్య ప్రయాణికులకును వారి సంస్థ ఇట్టి హెడ్‌ఫోనులను అందించెను. హెడ్‌ఫోను వెలుపలను లోపలను ఉండు చిన్న మైకులు రొదను విని, దానికి ఎదురైన తరంగమును క్షణములో తయారుచేసి పాటతోపాటు చెవికి పంపును.

“క్షణములో” అను మాటలోనే అసలు చిక్కు ఉన్నది. ఒక చిన్న లెక్క చేసి చూతము. ఎదురు తరంగము సెకనులో పదివేలవ వంతు ఆలస్యముగా వచ్చినదనుకొందము. బస్సు ఇంజను వలె 100 హెర్ట్జుల పౌనఃపున్యము గల రొదకు ఒక కంపనమునకు సెకనులో నూరవ వంతు పట్టును. మన ఆలస్యము అందులో నూరవ భాగము. గణితము ప్రకారము మిగులు రొద యొక్క కంపన పరిమితి నూటికి 6 వంతులు మాత్రమే. 1000 హెర్ట్జుల శబ్దమునకు అదే ఆలస్యము కంపనములో పదవ భాగము. నూటికి 62 వంతులు మిగులును. 2000 హెర్ట్జుల వద్ద అది అయిదవ భాగము. అపుడు మిగులునది నూటికి 118 వంతులు! రొద తగ్గుటకు మారుగా పెరిగినదన్నమాట. అందుచేతనే తయారీదారులు సుమారు వేయి హెర్ట్జులకు పైన ఈ విద్యను ఆపివేసి, పై శబ్దములను మూసిన గిన్నెకును చెవిదిండుకును విడిచిపెట్టుదురు. మూసిన నిర్మాణమునకును రొదను అణచు విద్యకును ఇంత గాఢమైన పొత్తు ఏర్పడుటకు కారణము ఇదియే.

కనుక ఇంజను గుడగుడ, చలియంత్రపు హోరు, రైలుపెట్టె క్రింది దడదడ చాలవరకు అణగును. పసిబిడ్డ ఏడుపు, పల్లీలు అమ్మువాని కేక, హారనులోని కీచుదనము కొంత మిగులును. ఏమియు వినబడదని తలచి కొనినవారు మొదటి రోజుననే నిరాశ చెందుదురు. దోషము యంత్రముది కాదు.

ఇప్పుడు చెవి యొక్క లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారము పెద్దవారు వారమునకు 40 గంటలు 80 డెసిబెల్ల వద్ద వినవచ్చును; పిల్లలకు ఆ హద్దు 75. ప్రతి 3 డెసిబెల్ల హెచ్చునకు కాలము సగమగును. అనగా 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు, 89 వద్ద 5 గంటలు. విజయవాడ నుండి హైదరాబాదు సుమారు 275 కిలోమీటర్లు. బస్సులో అయిదు గంటల పైమాటే. బస్సులోపలి రొద 76 డెసిబెల్లనుకొందము. వెనుక తెరచిన హెడ్‌ఫోనులో ఉపన్యాసము స్పష్టముగా వినబడవలెనన్న ఆ రొదకు పైన మరి 10 డెసిబెల్లు పెంచవలసి వచ్చును, మొత్తము 86. రాకపోకలు కలిసి పది గంటలు. ఒక్క ప్రయాణముతో వారము మొత్తపు భత్యము వ్యయమైపోయినది! ఇక సోమవారము నుండి వినునదంతయు అప్పే.

మూసి, రొదను అణచు హెడ్‌ఫోను అదే రొదను 60కి దించినదనుకొనుడు. అపుడు 70 వద్ద వినిన చాలును. పై సూత్రము ప్రకారము 70 వద్ద వారమునకు 400 గంటలు వినవచ్చును. వారములో ఉన్నవే 168 గంటలు. రొదను అణచుట విలాసమని పెద్దలు కొందరు తలచుచున్నారు గాని, ప్రయాణించు విద్యార్థికి ఇది చెవికి కట్టిన గొడుగు. లోపలి చెవిలోని సూక్ష్మరోమ కణములు ఒకసారి నశించినచో మానవులలో మరల మొలవవు. ప్రయాణము ముగిసిన పిమ్మట చెవిలో గుయ్యిమను శబ్దము నిలిచియున్నచో అది మొదటి హెచ్చరిక. అది మాటిమాటికి కలుగుచున్నచో చెవి వైద్యుని చూడవలెను.

ఆటల సంగతికి వత్తము. తుపాకీ ఆటలలో శత్రువు అడుగుల సవ్వడి ఏ దిక్కున వచ్చుచున్నదో తెలియుటయే ప్రాణము. మన రెండు చెవులకు శబ్దము చేరుటలో గల అత్యధిక భేదము సెకనులో పదివేల వంతులలో ఆరు, ఏడు మాత్రమే. మెదడు అంత చిన్న భేదమునుండి దిక్కును గ్రహించుట ఆశ్చర్యకరము. అయితే ఆ భేదమును ధ్వనిలో కూర్చునది ఆట యొక్క ప్రోగ్రాము గాని హెడ్‌ఫోను కాదు. వెనుక తెరచినదానిలో విశాలత కలదు, దూరమున్నట్లు భ్రాంతి కలదు. అంతమాత్రమున గురి కుదురునని ప్రకటనలు చెప్పుట అతిశయోక్తి.

ఆటకు నిజముగా హాని చేయునది ఆలస్యము. సాధారణపు బ్లూటూతులో ధ్వని సెకనులో పదవ వంతు మొదలు నాలుగవ వంతు వరకు వెనుకబడును. తెరపై సెకనుకు 60 చిత్రములు మారు ఆటలో అయిదవ వంతు సెకను ఆలస్యమనగా 12 చిత్రములు గడచిపోయినవన్నమాట. తుపాకీ మ్రోత వినబడునప్పటికి మన పాత్ర నేలకూలి యుండును. పైగా బ్లూటూతులో మైకును కూడ వాడినచో పెక్కు పరికరములలో ధ్వని టెలిఫోను స్థాయికి దిగజారును. ఆటకు తీగ ఉత్తమము.

మైకు మాట వచ్చినది గనుక మరియొకటి. రేడియో స్టూడియోలలో మైకు ఎదుట పాడువారు మూసిన హెడ్‌ఫోను ధరించుదురు. తెరచిన దానినుండి కారు ధ్వని మైకులో పడును గనుక. ఆటలో జట్టువారితో మాటలాడునపుడును ఇదే ఇబ్బంది. హాస్టలు గదిలోనైతే ప్రక్క మంచముపై పరీక్షకు చదువుకొను మిత్రుడు మన యుద్ధమంతయు వినవలసి వచ్చును.

తెరచిన వానికి మన ప్రాంతములో ఒక గొప్ప సుగుణము కలదు. రోహిణీ కార్తె ఎండలలో మూసిన చెవిదిండ్లు గంటలోపలనే చెమటతో తడియును. తెరచినవానిలో గాలి ఆడును. ఇంట్లో పెద్దలు పిలిచినచో వినబడును. సొంత గది ఉండి, వీధిమ్రోత లోనికి రాక, ప్రయాణము లేనివారికి మేము నిస్సంకోచముగా తీగగల ఓపెన్ బ్యాక్‌నే సూచింతుము. అదే ధరకు దానిలో లభించు ధ్వని సాధారణముగా మేలుగా నుండును. బ్యాటరీకి, మైకులకు వ్యయము లేదు గదా.

రెండు పనులకు ఒక్కటే కావలెనన్నచో మూసినది, రొదను అణచునది, అందులోను తీగ తగిలించుకొను ఏర్పాటు గలది కొనవలెను. ప్రయాణమునకు తీగ లేకుండ, ఆటకు తీగతో. తీగ తగిలించినపుడు మైకు పనిచేయునో లేదో ముందుగనే అడుగుడు, కొన్నింటిలో పనిచేయదు. పెట్టెపై ఇ.ఎన్.సి. అని వ్రాసియున్నచో భ్రమపడవలదు. అది మన మాటలోని రొదను అవతలివారికి తగ్గించును గాని మన చెవికి నిశ్శబ్దము నీయదు. మనకు కావలసినది ఎ.ఎన్.సి. అను మూడక్షరములు. చౌక సరుకుపై మొదటిదే పెద్దగా ముద్రించుట మేము పలుమారులు చూచితిమి.

దుకాణము లోపలి చల్లని గదిలో ఏ హెడ్‌ఫోనైనను బాగుగనే వినబడును. వీలైనచో అనుమతి కోరి తలుపు వద్దకు వచ్చి, వీధి వైపు నిలిచి పరీక్షింపుడు. కళ్లజోడు గలవారు దానిని తీయకనే చూడవలెను. కమ్మీ వలన చెవిదిండు ప్రక్కన సందు ఏర్పడి గుడగుడ లోనికి వచ్చును. కొనిన తరువాత రాత్రి నిశ్శబ్దములో హాయిగా వినబడు వాల్యూము గీతను గుర్తుంచుకొనుడు. బస్సులో దానికంటె రెండు మూడు గీతలకు మించి పెంచవలసి వచ్చుచున్నచో ఆ హెడ్‌ఫోను ఆ ప్రయాణమునకు తగినది కాదు. బెంజ్ సర్కిల్‌లో బస్సు దిగి రోడ్డు దాటునపుడు మాత్రము దానిని మెడలోనికి దించుకొనవలెను. వెనుకనుండి వచ్చు లారీ ఇంజను గుడగుడయే ఆ యంత్రము అన్నిటికంటె బాగుగా అణచు శబ్దము.