పగడాలు తీసేశాక ట్యాంకులో ఏం మారుతుంది?

ఒంగోల్లో మా బాబాయి వాళ్ళింట్లో ఉప్పునీటి రీఫ్ ట్యాంకు ఉంది. అందులోవి మెత్తటి పగడాలే. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో పాటు! మేలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, కరెంటు పోతుంటుంది. నీళ్ళు వేడెక్కి అలాగే ఉంటే పగడాలు తమలో బతికే సూక్ష్మ నాచును వదిలేసి తెల్లబడిపోతాయి. అందుకే దాన్ని చేపల ట్యాంకుగా మారుస్తున్నాం.

పగడాలు పోతే ఘాటైన లైటు అక్కర్లేదు. కానీ వేడి నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి బ్యాటరీ ఎయిర్ పంపు తప్పదు.

అసలు లెక్క మేతది. చేపలు పెరిగితే మేత, మేతతో అమ్మోనియా. రాళ్ళ మీది బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. రొయ్యల చెరువులున్న వాళ్ళనడిగితే ఈ పాఠం మనకన్నా బాగా చెబుతారు. కొత్త లోడుకి తగ్గట్టు బాక్టీరియా పెరగడానికి వారాలు పడుతుంది. అందుకే రాళ్ళు తీయకండి, స్కిమ్మర్ ఆపకండి. ఒక చేప వేసి, రెండు వారాలు అమ్మోనియా సున్నా ఉందని చూసుకున్నాకే ఇంకోటి.

తెల్లమచ్చల జబ్బుకి రాగి మందు వాడతారు. పగడాలు లేవు కదా అని ట్యాంకులో పోసేయకండి. రాళ్ళూ ఇసుకా రాగిని పీల్చుకుని మెల్లగా వదులుతుంటాయి. నత్తలు, రొయ్యలు చస్తాయి. మళ్ళీ పగడాలు పెట్టాలన్నా కష్టమే. మా ట్యాంకులో ఒక క్లీనర్ రొయ్య ఉంది, పిన్ని దానికి పేరు కూడా పెట్టింది. కాబట్టి చేపల్ని వేరే టబ్బులోకి మార్చి అక్కడే మందు వెయ్యాలి. పరాన్నజీవికి చేప దొరక్కుండా ట్యాంకుని వారాల తరబడి ఖాళీగా ఉంచాలి, రొయ్య మాత్రం అందులోనే ఉండొచ్చు.