తన ముద్ద తాను కలుపుకునే దాకా

పక్షవాతం వచ్చిన పెద్దాయన ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చారు. ఫిజియోథెరపీతో నాలుగడుగులు వేస్తున్నారు కూడా. మరి బాత్‌రూమ్ గడప దాటగలరా? చొక్కా గుండీలు పెట్టుకోగలరా? పప్పన్నం కలుపుకొని ముద్ద నోటిదాకా తీసుకెళ్లగలరా? ఆక్యుపేషనల్ థెరపిస్టు పని ఈ ప్రశ్నల దగ్గరే మొదలవుతుంది. మెడికల్ సీటు రాలేదని దిగులుపడుతున్న బైపీసీ విద్యార్థులు ఈ వృత్తి గురించి తప్పక తెలుసుకోవాలి.

ప్రైవేటుగా పనిచేసే థెరపిస్టుకు రోగి ఇంటికి వెళ్లి చూసే వీలు ఎక్కువ. ఆసుపత్రి వార్డులో కనపడని ఇబ్బందులన్నీ అక్కడ బయటపడతాయి. మంచం ఎంత ఎత్తులో ఉంది, స్నానాల గదిలో నేల జారుతోందా, నేలబారు మరుగుదొడ్డి మీద కమోడ్ కుర్చీ పడుతుందా, గోడకు కడ్డీ ఎక్కడ బిగించాలి అన్నవి చూస్తారు. ఆ తర్వాత ఒక్కో పనినీ విడగొట్టి నేర్పుతారు. చొక్కా తొడిగేటప్పుడు పట్టులేని చేతిని ముందు దూర్చాలి, విప్పేటప్పుడు దాన్ని చివర తీయాలి. చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చేస్తే బలహీనమైన వేళ్లకూ చిక్కుతుంది. ఇంత చిన్న మార్పుతో ఒక మనిషి మళ్లీ తన చేత్తో తాను తినడం మొదలుపెడతాడు!

కష్టమంతా కుటుంబాన్ని ఒప్పించడంలో ఉంది. భార్య, కోడలు ప్రేమకొద్దీ అన్నీ తామే చేసిపెడతారు. “పది నిమిషాలు పట్టినా పర్లేదమ్మా, ఆయన్నే వేసుకోనివ్వండి” అని ఓపిగ్గా చెప్పగలగాలి. ఆ ఓపిక లేనివారికి ఈ వృత్తి సరిపడదని నా అభిప్రాయం.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని ప్రైవేటు క్లినిక్‌లకు ఎక్కువగా ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు వస్తారు. పళ్లు తోముకోవడం, బూట్లు వేసుకోవడం, పెన్సిల్ పట్టుకోవడం అక్కడ నేర్పే పాఠాలు. “పూర్తిగా ఎప్పుడు నయమవుతుంది?” అని తల్లిదండ్రులు అడుగుతారు. ఆశకొద్దీ అడిగే ఆ ప్రశ్నకు అబద్ధపు హామీ ఇవ్వకూడదు.

మన దేశంలో ఈ చదువు 1950లో ముంబై కేఈఎం ఆసుపత్రిలో కమలా నింబ్‌కర్ చొరవతో మొదలైంది. డిగ్రీ పేరు బీఓటీ. చాలాకాలం పాటు ఇది ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ల కోర్సుగా ఉండేది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తర్వాత నిబంధనలు మారుతున్నాయి కాబట్టి, దరఖాస్తుకు ముందు ఆ ఏటి ప్రకటన చూసుకోండి. కటక్ దగ్గరి ఓలత్‌పూర్, కోల్‌కతా, చెన్నై దగ్గరి ముట్టుకాడుల్లోని కేంద్ర ప్రభుత్వ సంస్థల్లోనూ, వెల్లూరు సీఎంసీలోనూ ఈ కోర్సు ఉంది. విదేశాలకు వెళ్లాలంటే అక్కడి రిజిస్ట్రేషన్ వేరు: బ్రిటన్‌లో హెచ్‌సీపీసీ, అమెరికాలో ఎన్‌బీసీఓటీ పరీక్ష.

పట్టా చేతికి రాగానే బోర్డు పెట్టేయకండి. రెండు మూడేళ్లు ఆసుపత్రిలో సీనియర్ల దగ్గర పనిచేస్తే పక్షవాతం, వెన్నుపాము గాయం, కీళ్లవాతం వంటి రకరకాల కేసులు చేతి కిందకొస్తాయి. సొంత ప్రాక్టీసులో ఫీజు సిట్టింగు లెక్కన వస్తుంది గనుక, సిట్టింగులు సాగదీయాలన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. అందుకే మొదటి రోజే కుటుంబంతో కూర్చుని “ఆరు వారాల్లో తనంతట తాను లుంగీ కట్టుకోవాలి” లాంటి లక్ష్యం కాగితం మీద రాసి ఇవ్వండి. అది నెరవేరాక సిట్టింగులు తగ్గించండి.