తేనెపట్టు నేర్పు పాఠము

మాదాపూరు ఒకప్పుడు పల్లెయే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట హైటెక్ సిటీగా పెరిగినది. అచ్చటి ఎత్తైన మేడలకు సైతము పెద్ద తేనెటీగలు పట్టు పెట్టుచుండును. పిల్లలు తలలెత్తి, "ఇవి ఎచ్చటినుండి వచ్చినవి?" అని అడుగుదురు. పెద్దలు పొగ పెట్టువానికై వెదకుదురు. మన గ్రామములలోను జరుగుచున్నది ఇదియే.

పిల్లల ప్రశ్నకు మనము సమాధానము చెప్పవలెను. పట్టులో రాణి ఈగ ఒక్కటే. గ్రుడ్లు పెట్టుట దాని పని. మకరందము, పుప్పొడి తెచ్చు కూలి ఈగలు వేలకొలది, అవన్నియు ఆడవియే. పూలున్న తావును కనుగొనిన ఈగ పట్టుపై నాట్యమాడి, దిక్కును దూరమును తోడి ఈగలకు తెలుపును. ఈ భాషను విప్పిచెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1973లో నోబెల్ బహుమానము పొందినవారిలో ఒకరు.

పెద్ద తేనెటీగలు పెట్టెలలో నిలువవు. తొర్రలలో, పుట్టలలో కాపురముండు పుట్ట తేనెటీగలను పెంచవచ్చును. పెట్టెల విషయము ఉద్యానశాఖ అధికారిని అడిగి తెలిసికొనవలెను.

ఈగలు వాలిన ప్రొద్దుతిరుగుడు చేనులో గింజ నిండుగా పట్టును. పూతవేళ ఉదయము పురుగుమందు చల్లినచో పంటకు మేలు చేయు ఈగలే చచ్చును. తప్పనిసరియైనచో సాయంకాలము చల్లవలెను.

బడి ప్రక్క చెట్టునకు పట్టు పెట్టినచో కాల్పింపరాదు. రాయి విసరినచో ఈగలు గుంపుగా కుట్టునని పిల్లలకు ముందే చెప్పి, దూరముగా నిలిపి చూపవలెను. మరీ చేరువగా నున్నచో నేర్పుగలవారిచే తొలగింపవలెను. ఈ నియమమును పంచాయతీ సభలో తీర్మానించుకొనుడని కోరుచున్నాము.