కాన్పు తరువాత రక్తం: ఆగేదెలా, తిరిగి ఊరేదెలా?

వరికోతల్లో కొడవలి తగిలి వేలు తెగిందనుకోండి. గుడ్డ చుట్టి నొక్కిపెడితే కొద్ది నిమిషాల్లో రక్తం ఆగిపోతుంది. తెగిన నాళం ముడుచుకుంటుంది. రక్తంలోని ప్లేట్‌లెట్లు అనే చిన్న కణాలు చిల్లు దగ్గర గుమిగూడి అతుక్కుంటాయి. వాటిమీద సన్నని దారాలు అల్లుకుని, చేపల వలలాగా రక్తకణాలను పట్టి గడ్డ కట్టిస్తాయి.

కాన్పులో ఇంతమాత్రం చాలదు. నెలలు నిండినప్పుడు గర్భసంచికి నిమిషానికి అరలీటరు లేదా అంతకుమించి రక్తం వెళుతుంది. మావి ఊడిరాగానే అక్కడి నాళాలు తెరుచుకుని ఉంటాయి. గర్భసంచి గట్టిగా బిగిసి వాటిని నొక్కివేయాలి. అందుకే బిడ్డ పుట్టిన వెంటనే నర్సమ్మ సూదిమందు ఇస్తుంది. బిడ్డను రొమ్ముకు పట్టించినా సంచి బిగుస్తుంది. "చెడు రక్తం పోతోంది, పోనీండి" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటుంటారు. కొన్నాళ్లపాటు కొద్దికొద్దిగా కనబడడం మామూలే. కాని గుడ్డ మీద గుడ్డ తడిసిపోతుంటే ఆ పోయేది మంచి రక్తమే. తెల్లారేదాకా చూడకండి, 108కి ఫోన్ చేయండి.

పోయిన రక్తం మళ్లీ ఎక్కడ తయారవుతుంది? ఎముకల లోపలి మూలుగలో. అక్కడ సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణాలు పుడుతుంటాయి. ఒక్కొక్కటి 120 రోజుల వరకు బతుకుతుంది. ముసలి కణాల్లోని ఇనుమును శరీరం పారేయక కొత్తవాటికి వాడుకుంటుంది. రక్తం బయటికి పోతే మాత్రం ఆ ఇనుమూ పోయినట్టే. కడుపులోని బిడ్డకూ తల్లి ఇనుమే కావాలి. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తాగే చోడి అంబలి, తోటకూర మంచివే, కాని కాన్పు లోటు వాటితోనే తీరదు. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఇనుము మాత్ర కాన్పయ్యాక కూడా 180 రోజులు వేసుకోవాలి. విరేచనం నల్లగా అయిందని భయపడి మానకండి. మాత్ర వేసుకున్న గంటలోపు టీ తాగకండి. అన్నట్టు, ఆ మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. 1940లలో అమెరికాలో దాన్ని తయారుచేసిన శాస్త్రజ్ఞుల బృందానికి పెద్ద, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఈ లోటు పూడకముందే మళ్లీ నెల తప్పితే, వచ్చే కాన్పులో కొద్దిపాటి రక్తం పోయినా ఆమె తట్టుకోలేకపోవచ్చు. కాన్పు తరువాత కనీసం రెండేళ్లు ఆగండి. కాపర్-టి వేయించుకున్న కొత్తలో కొందరికి బహిష్టు ఎక్కువగా అవుతుంది. కనుక రక్తం తక్కువున్నవాళ్లు ముందుగా పరీక్ష చేయించుకుని, ఏ పద్ధతి నప్పుతుందో నర్సమ్మను అడగండి. అయ్యా, మీరు నిరోధ్ వాడితే ఆమెకు ఆ ఇబ్బందీ ఉండదు.