కాలువ గట్టు మీది పారా గడ్డి



కాలువ గట్టు మీద, మురికినీళ్లు నిలిచే చోట పాకే పొడుగాటి గడ్డిని మీరు చూసే ఉంటారు. కాడ లావుగా ఉంటుంది. గణుపుల దగ్గర నూగు ఉంటుంది. నీళ్ల మీద కూడా తేలుకుంటూ పోతుంది. అదే పారా గడ్డి.

ఇది మన దేశంలో పుట్టిన గడ్డి కాదు. ఆఫ్రికాలో పుట్టింది. సముద్రం దాటి బ్రెజిల్ దేశం చేరింది. అక్కడ పారా అనే రాష్ట్రం ఉంది. ఆ పేరే దీనికి నిలిచింది. 19వ శతాబ్దం చివర పశువుల మేత కోసం మన దేశానికి తెచ్చారు.

మరి మూసీ పక్కన ఇంత గుబురుగా పెరిగే గడ్డి, నకిరేకల్ చెల్కల్లో ఎందుకు పెరగదు?

"చెల్కల నాటినం. వానకాలమంతా పచ్చగనే ఉండె. సంక్రాంతి దాటంగనే ఎండిపాయె" అనే మాట వింటూనే ఉంటాం. తప్పు నాటిన చేతిది కాదు. నేలది, నీటిది.

పారా గడ్డికి ఎండ అంటే భయం లేదు. చలి అంటేనే పడదు. మన దగ్గర మంచు గడ్డకట్టే చలి లేదు కాబట్టి చావదు. పుష్యమాసం చలికి ఎదుగుదల మాత్రం మందగిస్తుంది. దీనికి అసలు కావలసింది నీళ్లు. ఏడాదికి 100 సెంటీమీటర్లు దాటి వాన పడే చోట బాగా పెరుగుతుంది. మన నల్లగొండ జిల్లాలో పడేది సుమారు 70 నుంచి 75 సెంటీమీటర్లే. అది కూడా నాలుగు నెలల్లోనే ఎక్కువగా పడుతుంది. మిగతా నెలలు ఈ గడ్డి ఏం తాగి బతకాలి?

ఇక నేల సంగతి. ఎర్రచెల్క, దుబ్బ నేలల్లో నీళ్లు పోస్తే ఇట్టే ఇంకిపోతాయి. నల్లరేగడి, చెరువు మట్టి నీళ్లను పట్టి ఉంచుతాయి. పారా గడ్డికి అట్లాంటి నేలే కావాలి. నీళ్లు నిలిచినా దీని వేరు మురగదు. కొంత చౌడును కూడా తట్టుకుంటుంది.

మూసీ కథ ఇక్కడే ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, హైదరాబాదు మురికినీళ్లను మోసుకుని మన జిల్లాకు వస్తుంది. వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నగరం నీళ్లు ఎండాకాలంలోనూ ఆగవు. ఆ నీళ్లలో ఉప్పు ఎక్కువ. పీర్జాదిగూడ, పర్వతాపూర్ వైపు నేల చౌడెక్కి వరి దిగుబడి తగ్గింది. దాంతో 2000 సంవత్సరం నాటికే చాలామంది రైతులు వరి మానేసి పారా గడ్డి వేశారు. పట్నంలో పాడి పశువులున్నాయి. గడ్డిమోపు ఏ రోజుకారోజు అమ్ముడుపోతుంది. వాన లేకున్నా నీళ్లున్నాయి, చౌడున్నా గడ్డి పెరిగింది. వరిని ఓడించిన నీళ్లే ఈ గడ్డిని బతికించాయి!

ఆ గడ్డి కోసేది ఎవరు? ఎక్కువగా మన ఆడవాళ్లే. మురికినీళ్లలో గంటలకొద్దీ నిలబడితే కాళ్లు చేతులు దురద పెడతాయి. పుండ్లు పడతాయి. అందుకని రబ్బరు బూట్లు వేసుకోవాలి. పని కాగానే మంచినీళ్లతో, సబ్బుతో కడుక్కోవాలి. కూలి ఇచ్చే ఆసామిని బూట్లు అడగడం తప్పేమీ కాదు.

ఇంకో సంగతి. నీళ్లు నిలిచే చోట నత్తలుంటాయి. నత్తల వల్ల పశువులకు జలగ వ్యాధి వస్తుంది. జలగ పిల్లలు గడ్డికి అంటుకుని బర్రె కడుపులోకి పోతాయి. కార్జాన్ని తింటాయి. బర్రె చిక్కిపోతుంది, పాలు తగ్గుతాయి, దవడ కింద నీరు దిగుతుంది. అట్లా కనిపిస్తే వెంటనే పశువుల డాక్టరుకు చూపాలి. గడ్డిని నీటి మట్టానికి పైనే కోయండి. ఒక్క పారా గడ్డే వేయకుండా జొన్న చొప్ప, వరిగడ్డి కలిపి వేయండి.

ఈ గడ్డి విత్తనం సరిగా మొలవదు. కాడ ముక్కతోనే పాకుతుంది. రెండు మూడు గణుపులున్న ముక్క తడి నేలలో పడితే చాలు, వేరు దిగుతుంది. అందుకే కోసిన ముక్కలను కాలువలో పడేయొద్దు. ముక్క కొట్టుకుపోయి కింద ఎక్కడో గుబురు కడుతుంది. నీళ్లు సాగవు. చివరి మడికి తడి అందదు. ఆస్ట్రేలియాలో ఏటి గట్లు కోసుకుపోకుండా దీన్ని నాటారు. అది గట్టు దిగి మడుగుల్లోకి పాకి, అక్కడి గడ్డిని, పక్షుల మేతను కప్పేసింది. ఇప్పుడు దాన్ని తీయలేక అవస్థ పడుతున్నారు.

మీ నేల ఎట్లాంటిదో మీరే చూడొచ్చు. పిడికెడు మట్టి తీసుకోండి. కొద్దిగా తడిపి ఉండ చేయండి. ఉండను అరచేతుల మధ్య తాడులాగా సాగదీయండి. సాగకుండా పొడిపొడిగా రాలిందా, అది చెల్క లేదా దుబ్బ. ఆ నేలలో పచ్చజొన్న వేసుకోండి. పొడుగ్గా సాగి, ఉంగరంలాగా వంచినా విరగకపోతే రేగడి. అక్కడ ఏడాది పొడవునా తడి ఉంటే మృగశిర కార్తెలో నాలుగు కాడలు నాటి చూడండి.