అడిగేవారు లేని నగరంలో దినచర్య



ప్రవేశపత్రం, వీసా, విమానం టిక్కెట్టు చేతికి అందగానే కష్టమంతా గట్టెక్కిందని అనుకోవడం విదేశాలకు బయలుదేరే విద్యార్థికి సహజమే గాని, బెర్లిన్ వంటి మహానగరంలో అసలు పరీక్ష ఆ తరువాతే మొదలవుతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంజనీరింగ్ చదివిన విద్యార్థికి హాజరుపట్టీ, మిడ్ పరీక్షలు, హాస్టల్ వార్డెన్, రాత్రి ఇంటి నుంచి వచ్చే ఫోను అన్నీ కలిసి తెలియకుండానే ఒక కట్టుబాటును ఏర్పరుస్తాయి. జర్మన్ విశ్వవిద్యాలయంలో చాలా పాఠాలకు హాజరు తీసుకోరు, సెమిస్టర్ మధ్యలో ఎంతవరకు చదివావని ఎవరూ విచారించరు, పరీక్షకు పేరు నమోదు చేసుకోవలసిన గడువును సైతం పిలిచి గుర్తుచేయరు. విద్యార్థిని పూర్తి బాధ్యత గల పెద్దమనిషిగా చూసే ఆ పద్ధతి గౌరవప్రదమైనదే. అయితే అలవాటు లేనివారికి ఆ గౌరవమే మొదటి ఏడాది బరువుగా మారుతుంది. కనుక అక్కడి దినచర్యను కూడా ఒక పాఠ్యవిషయంగానే నేర్చుకోవలసి ఉంటుంది.

ఆ పాఠంలో మొదటి అధ్యాయం చిరునామా. ఇంట్లో దిగిన 14 రోజులలోగా నగర పౌర కార్యాలయంలో నివాసాన్ని నమోదు చేయించుకోవాలని జర్మన్ చట్టం చెబుతుంది. ఈ నమోదునే అక్కడ ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇందుకు ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. ఆ పత్రం ఇవ్వలేమని ముందే చెప్పి, అద్దె తక్కువ చూపి గదులిచ్చేవారు బెర్లిన్‌లో ఉంటారు. అటువంటి గదికి ఒప్పుకున్నవారికి అక్కడ నమోదు కాదు. నమోదు లేనిదే పన్ను సంఖ్య రాదు, నివాస అనుమతికి పెట్టుకునే దరఖాస్తులో చిక్కులు మొదలవుతాయి. గది చూడకుండా, ఒప్పందం చదవకుండా అడ్వాన్సు పంపడం అంతకంటే పెద్ద ప్రమాదం. అద్దె అడ్వాన్సు మూడు నెలల మూల అద్దెకు మించరాదని, అంటే గది వేడి, నీటి ఖర్చులు కలపని అద్దెకు మూడు రెట్లు దాటరాదని, చట్టమే హద్దు పెట్టినందున, అంతకు మించి అడిగేవారిని నమ్మవలసిన పని లేదు.

చిరునామాతో ముడిపడిన చిన్న విషయం ఒకటి చాలామంది కొత్త విద్యార్థులను ఇబ్బంది పెడుతుంది. బెర్లిన్ అపార్టుమెంటు చిరునామాలో సాధారణంగా ఫ్లాటు నంబరు ఉండదు. వీధి పేరు, భవనం సంఖ్య తరువాత మనిషి పేరే గుర్తు. కింద ద్వారం దగ్గర వరుసగా ఉన్న ఉత్తరాల పెట్టెల మీద, గంట మీటల పక్కన ఇంటిపేర్లు రాసి ఉంటాయి, పోస్ట్‌మ్యాన్ ఆ పేరు చూసే ఉత్తరం వేస్తాడు. అద్దెకు దిగిన విద్యార్థి పేరు ఆ పెట్టె మీద లేకపోతే బ్యాంకు కార్డు, బీమా పత్రాలు, పన్ను సంఖ్య తెలిపే ఉత్తరం అన్నీ పంపినవారికే తిరిగిపోతాయి. ఇక్కడ పొడి అక్షరంగా పేరు ముందు నిలిచే ఇంటిపేరు అక్కడ మనిషిని చేరే దారి అవుతుంది కాబట్టి, పాస్‌పోర్టులో ఉన్నట్లుగానే దానిని చీటీ మీద స్పష్టంగా రాసి, గదిలో సామాను విప్పకముందే అంటించడం మేలు. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ, అర్థం కాకపోయినా, ఆ రోజే విప్పి, నిఘంటువు సాయంతో గడువు తేదీని పట్టుకొని, ఫైలులో పెట్టడం అలవాటు కావాలి. ఒక్కో ఇంటికి నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము చెల్లించాలని వచ్చే ఉత్తరాన్ని ప్రకటన కాగితమనుకొని పక్కన పడేసినవారికి బకాయి పేరుకుపోతుంది. నలుగురు కలిసి ఉండే ఇంటికి ఆ రుసుము ఒక్కటే గనుక పంచుకుంటే భారం కూడా కాదు.

డబ్బు విషయం చెప్పవలసి వస్తే, వీసా కోసం నిర్బంధ ఖాతాలో, అంటే నెలకు నిర్ణీత మొత్తం మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో, 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు చూపవలసి ఉంది. నెలకు 992 యూరోలన్నమాట. బెర్లిన్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ట్యూషన్ ఫీజు లేకపోయినా గది అద్దెకు ఇందులో సగమో, అంతకు మించో పోతుంది. అక్కడే ఉద్యోగపు ఆకర్షణ మొదలవుతుంది. ఏడాదికి 140 పూర్తి దినాలు లేదా 280 సగం దినాలు పనిచేయడానికి విదేశీ విద్యార్థికి అనుమతి ఉంది. పాఠాలు జరిగే కాలంలో వారానికి 20 గంటలు దాటితే బీమా లెక్కలో విద్యార్థి హోదాకే చిక్కు వస్తుంది. ఇంటి దగ్గర అప్పు చేసి పంపిన తల్లిదండ్రుల మీది ప్రేమతోనే విద్యార్థి అదనపు గంటలకు ఒప్పుకుంటాడు, ఆ ప్రేమను తప్పుపట్టడానికి లేదు. కాని రాత్రి పదకొండు దాకా భోజనం పొట్లాలు సైకిలు మీద అందించి వచ్చినవారు మరునాటి గణిత పాఠాన్ని నిద్రమత్తులో వింటారు. అనేక కోర్సులలో ఒక పరీక్ష మూడుసార్లు తప్పితే ఆ డిగ్రీలో కొనసాగే హక్కు పోవడమే గాక, అదే కోర్సును జర్మనీలో మరోచోట చదివే అవకాశమూ సాధారణంగా మూసుకుపోతుంది. నెలకు రెండు వందల యూరోల కోసం రెండేళ్ల చదువును ప్రమాదంలో పెట్టడం తల్లిదండ్రులకు చేసే సాయం కాజాలదు.

చదువు నడిచే తీరు కూడా వేరు. మార్కులు 1.0 నుంచి మొదలై 4.0 వద్ద ఉత్తీర్ణత ముగుస్తుంది. సంఖ్య తగ్గేకొద్దీ ఫలితం మెరుగు. పాఠం సమయం పక్కన సి.టి. అని రెండు అక్షరాలుంటే పదింటి పాఠం పదీ పావుకు మొదలవుతుందని, ఎస్.టి. అని ఉంటే పదింటికే మొదలవుతుందని అర్థం. పలు కోర్సులలో సెమిస్టర్ చివరి పరీక్ష ఒక్కటే మొత్తం మార్కును నిర్ణయిస్తుంది కాబట్టి, ఆఖరి రెండు వారాల చదువును నమ్ముకున్న పాత అలవాటు అక్కడ సాగదు. ఉదయం తొమ్మిదికల్లా గ్రంథాలయంలో కూర్చొని, ఆ వారపు అభ్యాసాలను ఆ వారమే ముగించే విద్యార్థికి మాత్రం అక్కడి స్వేచ్ఛ నిజమైన వరం. హుంబోల్ట్ విశ్వవిద్యాలయపు గ్రిమ్ కేంద్ర గ్రంథాలయంలో మెట్లు మెట్లుగా అమర్చిన పఠనశాల వంటి చోటు ఇంటి గది ఇవ్వని ఏకాగ్రతను ఇస్తుంది.

భోజనానికి మెన్సా అనే విద్యార్థి భోజనశాల ఉంది. అక్కడ విద్యార్థికి వేరే ధర, ఇప్పుడు బెర్లిన్ మెన్సాలలో ఎక్కువ వంటకాలు శాకాహారమే. మధ్యాహ్నం అక్కడ తిని, రాత్రికి అన్నం, పప్పు, ఒక కూర వండుకుంటే ఖర్చూ ఆరోగ్యమూ రెండూ నిలుస్తాయి. ఉమ్మడి వంటగదిలో తాలింపు పెట్టే ముందు కిటికీ బార్లా తెరవడం తోటివారిపట్ల మర్యాద. చలికాలంలోనూ రోజుకు రెండు మూడుసార్లు కాసేపు గాలి ఆడనివ్వకపోతే గోడలకు బూజు పట్టి, ఆ ఖర్చు అడ్వాన్సులోంచి కోతపడవచ్చు. ఇడ్లీపిండి పులియకపోతే ఓవెన్‌లో లైటు మాత్రం వేసి రాత్రంతా లోపల ఉంచితే సరిపోతుంది. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూతపడతాయి, అది జర్మన్ రాజ్యాంగమే కాపాడే విశ్రాంతి దినం, కాబట్టి శనివారమే సరుకులు తెచ్చుకోవాలి.

డిసెంబరులో బెర్లిన్‌లో సాయంత్రం నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. చీకటి వల్ల కలిగే దిగులును బలహీనతగా భావించి దాచుకోవడం వద్దు. మధ్యాహ్నం వెలుతురున్నప్పుడు అరగంట నడవాలి, దిగులు వారాల తరబడి వదలకపోతే విద్యార్థి సంక్షేమ సంస్థ నడిపే సలహా కేంద్రానికి వెళ్లాలి. ఇంటికి ఫోను చేసే వేళనూ చలికాలానికి సరిచూసుకోవాలి. అక్టోబరు చివరి ఆదివారం గడియారం గంట వెనక్కు జరగడంతో ఇండియాతో తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నర గంటలవుతుంది. అక్కడ సాయంత్రం ఏడింటికి ఫోను చేస్తే ఇక్కడ అమ్మ రాత్రి పదకొండున్నర దాకా మేలుకొని ఉండాలి. మెన్సా భోజనం తరువాతి వేళ ఇద్దరికీ అనువైనది.

ఆంగ్లంలో బోధించే కోర్సు కాబట్టి జర్మన్ అక్కరలేదనే మాట తరచు వినిపిస్తుంది. తరగతి గది వరకు అది నిజమే. కాని ఇంటి ఒప్పందం, వైద్యుడి గది, పొరుగింటి పలకరింపు, చదువయ్యాక ఉద్యోగం చాలావరకు జర్మన్‌లోనే సాగుతాయి. హైదరాబాదులో పుట్టి తరువాత రాష్ట్రపతి అయిన జాకీర్ హుసేన్ 1926లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుంచి అర్థశాస్త్రంలో డాక్టరేటు పొందారు. ఆ చదువు సాగుతుండగానే 1925లో గాలిబ్ కవితా సంకలనాన్ని అక్కడి ముద్రణాలయంలో అచ్చువేయించారు. పరాయి నగరాన్ని డిగ్రీ ఇచ్చే చోటుగా మాత్రమే చూడని విద్యార్థికి ఎంత దక్కుతుందో ఆ జీవితం చూపుతుంది.

విమానం ఎక్కడానికి ఇంకా వ్యవధి ఉన్నందున హైదరాబాదులోని గోథే కేంద్రంలోనో మరోచోటనో జర్మన్ భాషలో ఏ2 అనే ప్రాథమిక స్థాయి వరకైనా పూర్తిచేయాలని, చేరిన మొదటి వారంలోనే నివాస నమోదు, బీమా, పరీక్షల నమోదు గడువులను ఒక కాగితం మీద రాసి బల్ల ఎదుట అంటించుకోవాలని చిరంజీవికి ఈ ఇంటి పెద్దల కోరిక.

శుభాశీస్సులతో,
పెదనాన్న